మోడుగా నరికిన లైలాక్ మళ్లీ పూయాలంటే

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో పాత ఇల్లు కొన్న మనవాళ్లకు పెరట్లో లైలాక్ పొద తరచు తగులుతుంది. కింద బోసిపోయిన లావుపాటి కాండాలు, పైన చేతికందని పూలు. విసుగొచ్చి జానెడు ఎత్తున నరికేసినా, వేరు బలంగా ఉంటే పొద చావదు. కాకపోతే ఆ తర్వాత రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి.

ముందు మల్లె లెక్క మరిచిపోండి. రెండూ ఒకే కుటుంబానివే అయినా, మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది కాబట్టి చలికాలంలో కత్తిరించినా వేసవికి పూలు దక్కుతాయి. లైలాక్ నిరుటి కొమ్మ మీద పూస్తుంది. వచ్చే వసంతపు మొగ్గ ఈ వేసవిలోనే కట్టేస్తుంది.

నరికిన ఏడాది మోడు చుట్టూ పిలకలు గుంపుగా లేస్తాయి. వాటి జోలికి పోకండి, వేరుకు తిండి పెట్టేది ఆ ఆకులే. వాన లేని వారం అంగుళం నీరు అందేలా నిదానంగా తడపండి. 2-3 అంగుళాల మందాన చెక్కపొట్టు పరవండి, మోడుకు మాత్రం ఆనకూడదు. పచ్చికకు వేసే ఎరువు దీని దగ్గరికి రానివ్వొద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది, పువ్వు రాదు. పైగా లేత రెమ్మలకు తెగులు త్వరగా పడుతుంది. సున్నం వేసే ముందు మట్టి పరీక్ష చేయించండి. పీహెచ్ 6.5-7 ఉంటే అక్కర్లేదు.

రెండో ఏడు చలికాలం చివర, ఆకు రాకముందు, బలమైన పిలకలు ఓ 8-12, ఒకదానికొకటి ఎడంగా ఉండేలా ఎంచుకుని మిగతావి నేలమట్టానికి తీసేయండి. ఉంచినవాటిలో మరీ పొడుగువి చివర కత్తిరించాలి. లైలాక్ మొగ్గలు కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా ఉంటాయి. ఆ జంటకు పావంగుళం పైన కోస్తే రెండూ కొమ్మలవుతాయి.

అంటు మొక్కైతే ఆకు చూడండి. లైలాక్‌ది తమలపాకు ఆకారం. సన్నగా, చిన్నగా ఉంటే అది అంటు కట్టడానికి కింద వాడిన ప్రివెట్ అనే వేరే పొద వేరు నుంచి లేచిన పిలక, మొదలంటా పీకేయాలి. పిలకలన్నీ అలాంటివే అయితే పై రకం చచ్చినట్టే, కొత్త మొక్క కొనుక్కోవడమే.

చల్లని వానల వసంతంలో లేత రెమ్మలు నల్లబడి వాలిపోతే బ్యాక్టీరియా తెగులు. నలుపుకు బాగా కింద కోసి, ప్రతి కోతకూ కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. ఆగస్టులో ఆకుల మీద కనిపించే బూడిద తెగులు చూడ్డానికే అసహ్యం, పొదకు పెద్ద నష్టమేమీ ఉండదు. పాత కాండాల మొదట్లో రంధ్రాలు, రంపపుపొట్టు కనిపిస్తే తొలిచే పురుగు చేరినట్టు. ఆ కాండం నరికి అవతల పారేయండి.

ఇవన్నీ చేసినా పూయలేదంటే నీడ చూడండి. రోజుకు ఆరు గంటల ఎండ లేనిచోట లైలాక్ సరిగా పూయదు. పక్కన మేపుల్ లాంటి పెద్ద చెట్టుంటే దాని కొమ్మలు తగ్గించాల్సిందే.

పూత మొదలయ్యాక కత్తిరింపులన్నీ పూలు వాడిన రెండు మూడు వారాల్లోపే ముగించండి. ఏటా అన్నిటికంటే ముసలి కాండాలు ఒకటి రెండు మొదలంటా తీస్తుంటే మళ్లీ పొదంతా నరకాల్సిన పని పడదు.