మున్సిపల్ రికార్డుల సర్టిఫైడ్ కాపీలు – మూడో పాఠం: అడిగే వాక్యం రాయడం

పోయిన పాఠంలో ఏ కాగితం ఏ విభాగంలో ఉంటుందో చూశాం. ఇంటి పన్ను, పేరు మార్పు ఫైళ్లు రెవెన్యూ విభాగంలో ఉంటాయి, ఇంటి ప్లాను, నిర్మాణ అనుమతి టౌన్ ప్లానింగ్‌లో. ఇవాళ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాద్దాం. చిరునామా, విషయం, తేదీ ఎవరైనా రాయగలరు. పని జరగడమా, దరఖాస్తు తిరిగి రావడమా అన్నది కాగితాన్ని అడిగే ఆ ఒక్క వాక్యం మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ పాఠమంతా దాని గురించే.

మన ఊళ్లలో తరచూ జరిగేదే ఉదాహరణగా తీసుకుందాం. తండ్రి పోయిన కొన్నేళ్లకు ఇంటి పన్ను రసీదు పెద్ద కొడుకు ఒక్కడి పేరున రావడం మొదలైంది. చెల్లెలికి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆమె సమాచార హక్కు చట్టం కింద ఇలా రాసిందనుకోండి:

"మా నాన్నగారి పేరున ఉన్న ఇంటి పన్నును మా అన్నయ్య పేరుకు ఎందుకు మార్చారు? ఎవరిని అడిగి మార్చారు? మా సంతకాలు లేకుండా ఎలా చేశారు?"

ఆమె బాధ న్యాయమైనదే. కానీ దీనికి ఆఫీసు నుంచి ఒక్క కాగితం కూడా రాకపోవచ్చు. రికార్డులో ఉన్నది ఇవ్వడమే అధికారి బాధ్యత, లేని వివరణ తయారుచేసి ఇవ్వనక్కర్లేదని సీబీఎస్‌ఈ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకు, ఎలా అని అడిగితే అధికారి ఆ తీర్పును చూపించి పక్కన పెట్టేయగలడు.

అదే విషయాన్ని ఇలా అడగాలి:

"అసెస్‌మెంట్ నంబరు ……, పాత డోర్ నంబరు ……, కొత్త డోర్ నంబరు …… గల ఇంటికి 2018 ఏప్రిల్ 1 నుంచి 2021 మార్చి 31 వరకు పన్ను రికార్డులో జరిగిన పేరు మార్పుకు సంబంధించి, పేరు మార్పు దరఖాస్తు, దానికి జత చేసిన అన్ని పత్రాలు, నోట్ ఫైలు, మార్పును మంజూరు చేసిన ఉత్తర్వు, వీటి ధ్రువీకృత నకళ్లు ఇవ్వగలరు."

ఇందులో ఒక్క ప్రశ్న కూడా లేదు. అయినా చెల్లెలి మూడు ప్రశ్నలకూ జవాబు దొరికేది ఇక్కడే. ఎందుకు మార్చారో నోట్ ఫైలులో ఉంటుంది. కింది ఉద్యోగి ఏమని రాశాడు, పై అధికారి దేన్ని చూసి సరేనన్నాడు, అంతా అందులో వరుసగా కనిపిస్తుంది. ఎవరిని అడిగి మార్చారో జత చేసిన పత్రాల్లో తేలుతుంది. వారసుల సర్టిఫికెట్ పెట్టారా, వీలునామా పెట్టారా, మిగతావాళ్లకు అభ్యంతరం లేదంటూ అఫిడవిట్ ఇచ్చారా? ఆ అఫిడవిట్ మీద ఆమె పేరున ఎవరిదో సంతకం ఉంటే అది చూపించేదీ ఈ నకలే. జనం ఎక్కువగా వదిలేసేది ఈ "జత చేసిన అన్ని పత్రాలు" అన్న మాటనే. దాన్ని మాత్రం మర్చిపోకండి.

తేదీలు ఎలా తెలుస్తాయంటారా? ఇంట్లో ఉన్న రసీదులు తీయండి. నాన్నగారి పేరున వచ్చిన చివరి రసీదుకూ, అన్నయ్య పేరున వచ్చిన మొదటి రసీదుకూ మధ్యే మార్పు జరిగింది. పన్ను లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి వరకు నడుస్తాయి కాబట్టి కాలాన్ని కూడా అలాగే రాయండి. హైదరాబాద్ ఇళ్లకైతే అసెస్‌మెంట్ నంబరు (పన్ను లెక్కల్లో ఇంటికి ఇచ్చే నంబరు) బదులు పీటీఐఎన్ అనే ఆస్తి పన్ను గుర్తింపు నంబరు ఉంటుంది.

ఫైలులో ఏముందో అసలేమీ తెలియకపోతే ముందు తనిఖీ కోరండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) రికార్డును చూసే హక్కు, రాసుకునే హక్కు, ధ్రువీకృత నకలు పొందే హక్కు మూడూ ఇస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో మున్సిపాలిటీకి దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, మామూలు సైజు పేజీకి 2 రూపాయలు. తనిఖీకి మొదటి గంట ఉచితం. ఆ గంటలో పేజీ నంబర్లు రాసుకుని, కావలసినవే అడిగితే డబ్బూ టెన్షన్ రెండూ తగ్గుతాయి.

కాపీలు ఎందుకని కౌంటర్లో అడిగితే చెప్పాల్సిన పని లేదు. సెక్షన్ 6(2) ప్రకారం కారణం అడగకూడదు. దరఖాస్తులో కూడా కుటుంబ గొడవ రాయకండి. "దయతో ఇప్పించవలసిందిగా ప్రార్థన" అని రాయడమూ నాకు నచ్చదు. ఇది హక్కు, మర్యాదగా అడిగితే చాలు.

ఆఫీసు జవాబివ్వడానికి గడువు 30 రోజులు. పేజీల ఖర్చు కట్టమని ఉత్తరం పంపితే, అది పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు ఆ గడువులో లెక్కకు రాదు. కాబట్టి ఉత్తరం అందగానే కట్టేయండి. అన్నయ్య ఇచ్చిన పత్రాలు గోప్యమైనవని ఆఫీసు భావిస్తే సెక్షన్ 11 కింద ఆయనకు నోటీసు ఇస్తుంది. చెప్పుకోవడానికి ఆయనకు 10 రోజులు ఉంటాయి. ఆయన వద్దన్నంత మాత్రాన అయిపోయినట్టు కాదు, నిర్ణయం అధికారిదే.

దరఖాస్తు చివర ఇంకో వాక్యం చేర్చండి: "ప్రతి పేజీ కింద నిజ ప్రతి అని రాసి, తేదీ, అధికారి సంతకం, పేరు, హోదా, ఆఫీసు ముద్రతో ఇవ్వగలరు." భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 75 ధ్రువీకృత నకలుకు ఉండాల్సిన లక్షణాలు చెప్పేది దాదాపు ఈ మాటల్లోనే. 2024 జూలై 1కి ముందు ఇదే విషయం పాత సాక్ష్య చట్టం సెక్షన్ 76లో ఉండేది. పేరు, హోదా లేకుండా ఒట్టి పొట్టి సంతకం పెట్టి ఇస్తే అక్కడే సరిచేయించుకోండి. జిరాక్సు మీద బయట గెజిటెడ్ అధికారి చేసే అటెస్టేషన్ దీనికి బదులు కాదు, రికార్డు ఎవరి దగ్గరుందో ఆ ఆఫీసే ధ్రువీకరించాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పన్ను రికార్డులో పేరు మారినంత మాత్రాన ఇల్లు ఆ పేరున్నవాళ్ల సొంతమైపోదు. కోర్టులు ఈ మాట ఎన్నోసార్లు చెప్పాయి. చెల్లెలు కంగారుపడి ఏ రాజీ కాగితం మీదా సంతకం పెట్టనక్కర్లేదు. ముందు నకళ్లు తెచ్చుకుని లాయరుకు చూపించాలి.

అభ్యాసం: మీ ఇంటి పక్కన మూడో అంతస్తు లేస్తోంది, అనుమతి రెండు అంతస్తులకేనని మీ అనుమానం. టౌన్ ప్లానింగ్ విభాగాన్ని అడిగే వాక్యం ఒకటి రాయండి. అందులో "ఎందుకు", "ఎలా" రాకూడదు. కనీసం మూడు కాగితాల పేర్లు ఉండాలి. నాలుగో పాఠంలో, 30 రోజులు దాటినా జవాబు రాకపోతే మొదటి అప్పీలు ఎలా రాయాలో చూద్దాం.