మళ్లీ బండెక్కాలనుకుంటే: సెకండ్ హ్యాండ్ బుల్లెట్ ఎంచుకోవడం ఎలా?

కాలేజీ రోజుల్లో బండేసుకుని శ్రీశైలం దాకా వెళ్లొచ్చినవాళ్లు, తర్వాత పెళ్లి, పిల్లలు, కారు అంటూ ఏళ్ల తరబడి హ్యాండిల్ ముట్టుకోనివాళ్లు, నలభై దాటాక మళ్లీ బుల్లెట్ వైపు చూస్తున్నారు. మంచిదే. కానీ బండి కొనే తీరు చూస్తేనే బాధేస్తుంది. సాయంత్రం ఆఫీసయ్యాక వెళ్తారు. అప్పటికే స్టార్ట్ చేసి ఉంచిన బండి చుట్టూ తిరిగి పెయింట్ చూస్తారు, మీటరు చూస్తారు, గల్లీలో ఒక రౌండ్ కొట్టి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. నెల తిరక్కుండానే ఇంజన్ విప్పించాల్సి వస్తుంది. బండి చూడ్డానికి తోడు రమ్మని అడిగే స్నేహితులకు నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

బండి కన్నా ముందు మీ లైసెన్సు తీసి తేదీ చూసుకోండి. గడువు దాటి ఏడాది పైన అయితే రెన్యువల్‌కి మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ ఇవ్వాలి. అటక మీద ఉన్న పాత హెల్మెట్ పారేసి ఐఎస్ఐ గుర్తున్న కొత్తది కొనండి.

ఏ బండి?

350 సీసీ మాత్రమే. 500 వద్దు. దాని వేడి, వణుకు హైదరాబాద్ సిగ్నళ్ల దగ్గర మీ ఉత్సాహాన్ని నెలలో చంపేస్తాయి. బడ్జెట్ ఉంటే రాయల్ ఎన్‌ఫీల్డ్ కొత్త తరం జె సిరీస్ ఇంజన్ బండి తీసుకోండి. ఆ ఇంజన్ 2020 చివర్లో మీటియర్ మోడల్‌తో వచ్చింది, 2021లో క్లాసిక్ మోడల్‌కి ఎక్కింది. అంత పెట్టలేకపోతే దాని ముందు తరం ఇంజన్, యూసీఈ అంటారు, ఆ బండి చూడండి, కానీ ఏబీఎస్ (బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నదే. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి అయింది. చాలా ఏళ్ల తర్వాత ఎక్కినవాళ్లు కంగారులో బ్రేకు గట్టిగా నొక్కేస్తారు. అక్కడ కాపాడేది అదే.

గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు ఉండే పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ మీద మోజు ఉంటే ఇప్పుడే వదిలేయండి. అలవాటు తప్పిన కాలు అసలైన సమయంలో తప్పు పెడల్ మీద పడుతుంది. సైలెన్సర్ మార్చినవీ, అదనంగా లైట్లూ హారన్లూ తగిలించి వైరింగ్ కోసినవీ చూడ్డానికి కూడా వెళ్లొద్దు.

కొనేది ఓనర్ దగ్గర, ఆయన ఇంట్లో. షాపులో కొంటే వారంటీ ఉంటుంది కదా అని చాలామంది అంటారు. ఆ వారంటీ కాగితం చిన్న అక్షరాలతో సహా చదివితే క్లచ్ ప్లేట్లు, బ్యాటరీ, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) లాంటి అరిగే సామాన్లు చాలావాటిలో ఉండవు. పైగా షాపు బండికి కొత్త ఆయిల్ పోసి ఉంటారు, పాలిష్ చేసి ఉంటారు, వచ్చిన ప్రతివాళ్లకీ స్టార్ట్ చేసి చూపిస్తుంటారు. ఇంటి పార్కింగ్‌లో అయితే బండి రోజూ నిలబడే చోట నేల చూడొచ్చు. ఇంజన్ కింద నల్లటి ఆయిల్ మరక ఉందా, ఉంటే పాతదా తడిగా ఉందా అన్నది ఓనర్ చెప్పక్కర్లేదు.

చల్లటి ఇంజన్

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. మిగతావన్నీ పైపైన చూసినా ఫర్వాలేదు గానీ, ఇది చేయకుండా బండి కొనకండి.

ముందురోజు ఫోన్ చేసి, "రేపు పొద్దున్నే వస్తానండీ, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని స్పష్టంగా చెప్పండి. ఆరున్నర, ఏడుకల్లా అక్కడుండాలి. ఎండెక్కితే ఇంజన్ దానంతటదే వేడెక్కుతుంది, తేడా పట్టుకోలేరు. వెళ్లగానే పలకరింపులు అవుతుండగానే అరచెయ్యి సిలిండర్ ఫిన్ల (ఇంజన్ చుట్టూ ఉండే రేకుల్లాంటి అంచుల) మీద పెట్టండి. తర్వాత సైలెన్సర్ బెండ్ పైపు ఇంజన్ హెడ్‌కి కలిసే చోట. రెండూ పెట్రోల్ ట్యాంకు అంత చల్లగా ఉండాలి. కాస్త గోరువెచ్చగా అనిపించినా, "ఇందాకే పాల ప్యాకెట్‌కి వెళ్లొచ్చాను" అన్నా, నవ్వుతూ ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. ఆయన అబద్ధం ఆడుతున్నాడని కాదు. వేడెక్కిన ఇంజన్ తన రోగాలన్నీ దాచేస్తుంది, అంతే. వేడికి లోహం వ్యాకోచించి సందులు మూసుకుంటాయి, ఆయిల్ అంతటా పాకి శబ్దాలు తగ్గుతాయి. బోరుకొచ్చిన (సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిన) ఇంజన్ కూడా ఒక పావుగంట బుద్ధిగా తిరుగుతుంది.

చల్లగానే ఉంటే సెంటర్ స్టాండ్ వేయించి, ఇంజన్ పక్కనున్న ఆయిల్ అద్దంలోకి టార్చి కొట్టి చూడండి. నల్లగా ఉంటే సర్వీసింగ్ ఆలస్యమైందంతే. పాలు కలిపినట్టు తెల్లబారి ఉంటే లోపలికి నీళ్లు చేరాయి, బేరం అక్కడితో ఆపేయండి. మన హైదరాబాద్‌లో ఇది తప్పక చూడాలి. 2020 అక్టోబర్ వానలకి కాలనీలకి కాలనీలే మునిగిపోయాయి, ఎన్నో బండ్లు ఆ నీళ్లలో నానాయి. అనుమానముంటే సీటు తీయించి వైర్ల సాకెట్లు ఊడదీసి చూడండి. పైన ఎంత కడిగినా సాకెట్ లోపల ఎండిన గోధుమరంగు బురద పొడిలా మిగిలే ఉంటుంది.

ఇప్పుడు తాళం తిప్పండి, స్టార్ట్ చేయొద్దు. మీటర్‌లో ఏబీఎస్ లైటు, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే ఇంజన్ లైటు కూడా వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఇంజన్ లైటు, బండి కదిలాక ఏబీఎస్ లైటు ఆరిపోవాలి. లైటు ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించాలి, లోపం కనిపించకుండా ఎవరో దాని నోరు నొక్కేసి ఉండొచ్చు.

యూసీఈ బండికి సెల్ఫ్ బటన్ నొక్కినప్పుడు చెవి పెట్టి వినండి. మోటారు తిరిగి ఇంజన్ తిరక్కపోయినా, ఠంగుమని దెబ్బ వినిపించినా స్ప్రాగ్ క్లచ్ (సెల్ఫ్ మోటారు తిరుగుడుని ఇంజన్‌కి అందించే భాగం) పోయింది లేదా పోబోతోంది. బలహీనమైన బ్యాటరీతో పదే పదే సెల్ఫ్ కొట్టిన బండ్లకి వచ్చే జబ్బు ఇది. ఇంజన్ పక్క కవర్ విప్పితే గానీ బాగవదు. మూడుసార్లు ఆపి మూడుసార్లు స్టార్ట్ చేయించండి. ఇక, కిక్కు మెల్లగా తొక్కి కంప్రెషన్ చూసే పాత పద్ధతి యూసీఈకి పనికిరాదు. అందులో స్టార్టింగ్ అప్పుడు ప్రెషర్‌ని దానంతటదే వదిలేసే ఏర్పాటు ఉంది, కాబట్టి కిక్కు తేలిగ్గా దిగినంత మాత్రాన ఇంజన్ పోయిందనుకోకండి.

స్టార్ట్ అయ్యాక మొదటి అర నిమిషం ఎవరితోనూ మాట్లాడొద్దు. యూసీఈలో ఉండేవి ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్లు, ఆయిల్ పైకి చేరేదాకా కొన్ని సెకన్లు టిక్కుటిక్కుమనడం మామూలే. రెండు నిమిషాలైనా తగ్గకపోతే మామూలు కాదు. అసలు శబ్దమే లేకుండా మొద్దుగా తిరుగుతుంటే ఏ ఆయిల్ పోశారో అడగండి. కంపెనీ చెప్పేది 15డబ్ల్యూ50. అంతకన్నా చిక్కటిది పోసి శబ్దం నొక్కేసేవాళ్లు ఉన్నారు.

పొగ సంగతి. చలికాలం పొద్దున సన్నటి తెల్ల ఆవిరి వచ్చి పోతే తప్పు లేదు. నీలంగా స్టార్టింగ్‌లో ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ అరిగాయి, ఖర్చు తక్కువే, బేరంలో తగ్గించుకోవచ్చు. యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ నీలం పొగ కొడితే రింగులో, బోరో పోయినట్టే. సందేహముంటే సైలెన్సర్ చివర ఒక తెల్లటి గుడ్డ అడ్డంగా పట్టుకుని, ఓనర్‌ని నాలుగైదుసార్లు రేస్ చేయమనండి. గుడ్డ మీద పొడి మసి అంటితే సరే. తడిగా, వేలితో రుద్దితే జిడ్డుగా సాగే చుక్కలు పడితే బండి ఆయిల్ తాగుతోంది.

ఆ తర్వాత పది నిమిషాలు అలాగే వదిలేసి, బాగా వేడెక్కాక ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే అంటుకుని వేడి మీద మొండికేసే బండి మిమ్మల్ని నల్లమలలో నిలబెడుతుంది. శ్రీశైలం దారిలో మన్ననూర్ అటవీ గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారని గుర్తుంచుకోండి.

నడిపి చూడటం

ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదికీ, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ టూవీలర్లని రానివ్వరు. నార్సింగి, కోకాపేట వైపు ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు సరిపోతుంది. నాలుగో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ ఇవ్వండి. శబ్దం పెరిగి వేగం పెరక్కపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. స్నేహితుణ్ణి వెనక రమ్మని రెండు చక్రాలూ ఒకే గీతలో వస్తున్నాయో లేదో చూడమనండి. తిరిగొచ్చాక ముందు చక్రం గాల్లో ఉండేలా వెనక నొక్కించి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ మార్చాలి. టైరు మీద తయారీ వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అరగకపోయినా అంత పాత టైర్లు మార్చాల్సిందే, ఆ డబ్బు ధరలో తగ్గించమనండి. మీటరు రీడింగ్ నేను అసలు చూడను, తిప్పేయడం చాలా తేలిక. ఫుట్‌రెస్ట్ రబ్బరు, గేరు పెడల్ అరుగుదల నమ్మండి.

కాగితాలు

ఆర్సీలోని ఇంజన్, చాసిస్ నంబర్లు బండి మీద మీ కళ్లతో చూసి పోల్చండి. ఈ-చలాన్లు ఎన్ని బాకీ ఉన్నాయో ఫోన్లోనే తెలుస్తుంది, కట్టాల్సింది ఓనర్. ఫైనాన్స్ తీరినా ఆర్సీలో హైపోథికేషన్ (బండి మీద అప్పు ఉందన్న నమోదు) అలాగే ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 అడగండి.  బెంగళూరు బండి చవగ్గా వస్తోందంటే వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి కావాల్సిన ఫారం 28 ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేయండి, చవక చాలావరకు కరిగిపోతుంది.

సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి "ఓపెన్ పేపర్స్ ఉన్నాయి, ఎప్పుడైనా మార్చుకోండి" అంటే ఒప్పుకోవద్దు. ఓనర్ పేరు మార్పుకి వాడే ఫారం 29, 30 నింపి ఆర్టీఏకి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఇన్సూరెన్స్ మీ పేరుకి 14 రోజుల్లో మార్పించుకోండి, లేదంటే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్‌కి ఇబ్బంది పడతారు. టోకెన్ అడ్వాన్స్ పోను మిగతా డబ్బు, ఆర్టీఏలో ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు ఇచ్చి రసీదు మీ చేతికి వచ్చాకే ఇవ్వండి.