సెమ్ పరీక్షలు, ముక్కోటి, సంక్రాంతి: తిండి అదుపు తప్పే రోజులకు ముందు జాగ్రత్తలు

తిరుపతిలో హాస్టల్లోనో రూములోనో ఉండి చదువుకునే పిల్లలకి డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి వెళ్ళేదాకా ఊపిరి సలపదు. ఒకపక్క సెమ్ పరీక్షలు. వాటి మధ్యలోనో వెనకాలో ముక్కోటి ఏకాదశి ఉపవాసం. అవి అయ్యీ కాకముందే బస్సెక్కి ఊరికి పోతే, అమ్మ చేసిపెట్టిన నిప్పట్లు, కజ్జికాయలు, అరిసెలు. మామూలు వాళ్ళకి ఇవి మూడూ దేనికదే. బింజ్ ఈటింగ్‌తో పెనుగులాడి, ఈమధ్యనే కొంచెం కుదుటపడిన వాళ్ళకి మాత్రం మూడూ కలిసి ఒకే గండం. ఇది వాళ్ళ కోసం రాస్తున్నది.

పండగపూట రెండు ఓళిగలు ఎక్కువ తింటే దాన్ని బింజ్ అనరు. ఆకలి లేకపోయినా, కడుపు నొప్పెడుతున్నా, కాసేపట్లోనే మామూలుగా ఎవరూ తిననంత తిని, మధ్యలో ఆపుదామన్నా చెయ్యి ఆగకపోవడం, అదీ ఎవరూ చూడకుండా తినడం, తర్వాత తనమీద తనకే అసహ్యం పుట్టడం, అదీ లెక్క. సగటున వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు ఇలా జరుగుతుంటే డాక్టర్లు దాన్ని జబ్బుగానే చూస్తారు. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో దీనికి 2013లో విడిగా చోటిచ్చింది. ఆడపిల్లలకే వస్తుందనుకోవడం తప్పు. మగపిల్లల హాస్టల్లో ఒకడు మూడు ప్లేట్లు ఎగ్ ఫ్రైడ్ రైస్ లాగిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు ఈల వేస్తారు. అందుకే వాడి బాధ ఎవరికీ కనపడదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ నెలరోజుల్లో ఒకటి రెండు రాత్రులు అదుపు తప్పవచ్చు, ఎంత జాగ్రత్తపడినా. జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా ఆ మర్నాడు పొద్దున మొదలవుతుంది. రాత్రి తిన్నదానికి లెక్క సరిచెయ్యాలని టిఫిన్ మానేస్తారు. మధ్యాహ్నం మజ్జిగతో సరిపెడతారు. సాయంత్రానికి కళ్ళు తిరుగుతుంటాయి. రాత్రి పదకొండుకి మళ్ళీ అదే కథ, ఈసారి ఇంకా గట్టిగా. ఇందులో మనసు బలహీనత కంటే ఒంటి పని ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్ళకి దాదాపు ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూశాడు. వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్ళు. మళ్ళీ తిండి పెట్టడం మొదలయ్యాక కొందరు కడుపు పట్టనంత తిని, ఇంకా ఆకలి తీరలేదన్నారు. అంతకుముందు వాళ్ళలో ఎవరూ తిండిపోతులు కారు. కాబట్టి కింద చెప్పేవన్నీ ఒక్క పనికోసమే: కడుపు మాడ్చుకునే పరిస్థితి రానివ్వకుండా ఉండటం.

పరీక్షల రోజులు

పరీక్ష రోజు పొద్దున చాలామందికి గొంతు దిగదు. టీ తాగి పరిగెత్తుతారు. మధ్యాహ్నం బయటికొచ్చి ఆన్సర్లు పోల్చుకుంటూ చెట్టుకింద నిలబడితే మెస్ టైము దాటిపోతుంది. అలా ఆ రోజు మొదటి పెద్ద తిండి సాయంత్రం ఆరుకి, బేకరీ ముందు. అక్కడినుంచి రాత్రంతా జారుడే. ఇడ్లీ దిగకపోతే గ్లాసు పాలు, అరటిపండన్నా లోపలికి పంపండి. మేలుకుని ఉన్నంతసేపూ మూడు నాలుగు గంటలకి మించి కడుపు ఖాళీగా ఉంచకూడదని పెట్టుకోండి. మూడు పూటల తిండి, మధ్యలో రెండు చిన్న తిండ్లు. ఈ జబ్బుకి ఇచ్చే చికిత్సలో మొదటి మెట్టు కూడా ఇదే, ఇంత సాదాగానే ఉంటుంది.

అసలు చిక్కు రాత్రి. మెస్సులో భోజనం ఎనిమిదింటికల్లా ముగుస్తుంది, చదువు ఒంటిగంట దాకా సాగుతుంది. అయిదు గంటలు. ఆ ఖాళీలోకే ఫోను దూరుతుంది: ‘ఏమైనా పెడదామా’ అని ఎవరో ఒకరు యాప్ తెరుస్తారు. దీనికి నాకు తెలిసిన మందు, పదిన్నర తిండిని మధ్యాహ్నమే నిర్ణయించుకోవడం. ఉడకేసిన చెనిక్కాయలు, లేకపోతే మసాలా బొరుగులు, గుడ్డు, రెండు అరటిపండ్లు, మీకేది దొరికితే అది. పొట్లంలోంచి నేరుగా తినకండి. స్టీలు ప్లేటులో పోసుకుని, పుస్తకం మూసి, మంచం దిగి కూర్చుని తినండి. పుస్తకం చూస్తూ తింటే ప్లేటు ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు. తెలియకపోతే తిన్నట్టే ఉండదు, మళ్ళీ చెయ్యి వెతుక్కుంటుంది.

చిప్సూ బిస్కెట్లూ జన్మలో ముట్టనని ఒట్టు పెట్టుకోమని కొందరు చెబుతారు. నాకు ఆ సలహా నచ్చదు. ముట్టనన్నదే ముందు గుర్తొస్తుంది. అయితే ఈ మూడు వారాలూ పెద్ద ప్యాకెట్లు రూములో నిలవ పెట్టకండి. ఎగ్ పఫ్ తినాలనిపిస్తే బేకరీకి నడిచిపోయి ఒకటి కొని, అక్కడి బల్లమీదే కూర్చుని, వేడివేడిగా ఒళ్ళో పొట్టు రాలుతుండగా తినిరండి. దాచుకుని తినే నాలుగింటికంటే ఆ ఒక్కటి రుచిగా ఉంటుంది.

రూమ్మేట్లలో ఒకరికి చెప్పి ఉంచండి. అందరికీ అక్కర్లేదు. ‘రాత్రి పదకొండు దాటాక నేనొక్కదాన్నే ఆర్డర్ పెడుతుంటే నాతో రెండు నిమిషాలు మాట్లాడు’ అంటే చాలు. ఆ అమ్మాయి మీకు కాపలాదారు కాదు. మీ ప్లేటులో ముద్దలు లెక్కపెట్టే పని ఆమెకు అప్పగించకండి. స్నేహమూ చెడుతుంది, దాచుకుని తినడమూ ఎక్కువవుతుంది. యాపులో దాచిపెట్టిన కార్డు వివరాలు ఈ నెలకి తీసేస్తే ఆర్డర్ పెట్టడానికి ఇంకో అయిదు నిమిషాలు పడుతుంది. ఒక్కోసారి ఆ అయిదు నిమిషాల్లోనే కోరిక తగ్గిపోతుంది. తగ్గకపోతే రూములోంచి బయటికి రండి, కారిడార్లో నీళ్ళు పట్టుకోండి, ఇంటికి ఫోన్ చెయ్యండి.

నిద్ర సంగతి అందరూ చెప్పేదే, కాబట్టి ఒక్కమాటే: నిద్ర కోతపడితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అదీ తీపిమీదా నూనెమీదా. పరీక్షకి ముందురోజు తెల్లార్లూ చదవడం మీకు రెండు విధాలా నష్టం.

ముక్కోటి, మెట్లు

మన ఊళ్ళో ఉపవాసానికి కొదవ లేదు. పెరటాసి శనివారాలు పోతే కార్తీక సోమవారాలు, అవి పోతే ముక్కోటి. ఉపవాసం మంచిదా చెడ్డదా అని ఇక్కడ వాదించను. మీరొక్క ప్రశ్న వేసుకోండి: ఇది స్వామి కోసమా, నడుము కోసమా? హాస్టల్లో ఒకమ్మాయిని గమనించాను. ముక్కోటికి పచ్చినీళ్ళు ముట్టనని అందరికీ చెప్పింది, అందరూ మెచ్చుకున్నారు. ద్వాదశి పొద్దున మెస్సులో పొంగలి గిన్నె ముందు నిలబడింది చూడండి, గంటె పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. వడ్డించుకుంటోంది, తింటోంది, మళ్ళీ వస్తోంది, ఎవరివైపూ చూడటం లేదు. ఆ పూట ఆమెను ఎవరూ మెచ్చుకోలేదు, గుసగుసలాడారు.

అదుపు తప్పి తినే బాధ ఉన్నవాళ్ళు ఈ ఏడాదికి కటిక ఉపవాసం వదిలేయడమే మేలు. ఎన్నో ఇళ్ళలో ఏకాదశికి అన్నం మాని ఉప్మానో పండ్లూ పాలో తీసుకుంటారు. అలా వేళకి తింటూ గుడికి వెళ్ళిరండి. ఇంట్లో పెద్దవాళ్ళు అడిగితే డాక్టరు వద్దన్నారని చెప్పొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఎటూ అదే చెబుతారు.

మెట్ల సంగతి తిరుపతి పిల్లలకే వర్తిస్తుంది. రాత్రి తిన్నందుకు శిక్షగా తెల్లవారుజామున ఏమీ తినకుండా అలిపిరి నుంచి ఎక్కేవాళ్ళు ఉన్నారు. దాదాపు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. గాలిగోపురం చేరేసరికి కాళ్ళు తేలిపోతాయి. కొండమీద దొరికిందల్లా తిని, దిగొచ్చి మళ్ళీ ఏడుస్తారు. మొక్కుంటే, ఇష్టముంటే నిక్షేపంగా ఎక్కండి, టిఫిన్ తిని, నలుగురితో కలిసి. తిన్నదానికి పరిహారంగా మాత్రం వద్దు. పరిహారంగా చేసే వ్యాయామం, పస్తు, వాంతి, విరేచనాల మందు అన్నీ ఒక జాతివే. వాంతిదాకా, మందులదాకా వెళ్తే అది బులీమియా అనే ఇంకో తిండి జబ్బు కావచ్చు. ఒంట్లో పొటాషియం పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. దానికి ఈ జాగ్రత్తలు చాలవు, వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి.

పండక్కి ఇంట్లో

చిత్తూరు వైపు పల్లెలో సంక్రాంతికి వారం ముందునుంచే బాణలి దిగదు. స్టోరు గదిలో మూతపెట్టిన డబ్బాలు వరసగా ఉంటాయి. ‘ఈసారి ఒక్క నిప్పటు కూడా ముట్టను’ అనుకుని బస్సు దిగిన వాళ్ళే రాత్రి అందరూ నిద్రపోయాక ఆ గదిలోకి పోతారు. మూత చప్పుడు కాకుండా చీరకొంగో తువ్వాలో అడ్డం పెట్టి తీయడం, వెలుతురు లేకుండా చేత్తో తడుముకుని తినడం, పొద్దున డబ్బాలో పైవరస సర్దడం. ఈ పని చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాబట్టి పగలే తినండి. సాయంత్రం టీ వేళకి అవ్వ పక్కన కూర్చుని, ప్లేటులో రెండు మూడు పెట్టుకుని, నలుగురి మధ్య మాట్లాడుతూ తినండి. రేపూ ఉంటాయి, ఎల్లుండీ ఉంటాయి. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం సంగటి, రాత్రి అన్నం మానకండి. పశువుల పండగనాడు చియ్యాల కూర బాగా తినాలని పొద్దుటినుంచి కడుపు దాచుకోవడం కూడా అలాంటిదే, వద్దు.

ఇక నోళ్ళు. ‘ఏం పాపా, బాగా ఒళ్ళొచ్చిందే’ అని ఒక అత్త, ‘చిక్కి సగమైపోయినావు, తిను’ అని ఇంకో అత్త, ఇద్దరూ ఒకే అరుగుమీద కూర్చుని. జవాబు ముందే సిద్ధం చేసుకోండి, అప్పటికప్పుడు తోచదు. ‘ఒంటి సంగతి ఎందుకులే అత్తా, కోడలెట్లుందో చెప్పు’ అంటే మాట మళ్ళుతుంది. నవ్వుతూ అనండి, అని అక్కడినుంచి లేవండి.

అమ్మకి చెప్పగలిగితే మంచిది. పెద్ద పేర్లు వద్దు. ‘అమ్మా, నాకు ఒక్కోసారి తినడం మొదలుపెడితే ఆపుకోలేకుండా ఉండాది. నువ్వు బలవంతంగా పెట్టొద్దు, వద్దని గిన్నె లాక్కోవద్దు’ అని. మొదట ‘దిష్టి తగిలుంటుంది’ అని ఎర్రనీళ్ళు తీస్తుంది. తీయనివ్వండి, రెండోరోజు మళ్ళీ చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు పెద్ద డబ్బా కట్టకుండా చిన్నది కట్టమనండి. హాస్టల్ చేరిన సాయంత్రమే రూములో అందరిముందూ తెరిచేయండి.

ఇంత చేసినా తప్పితే

మర్నాడు లేవగానే తూకం ఎక్కకండి. ఉప్పూ పిండిపదార్థాలూ ఎక్కువ తిన్న రాత్రి ఒళ్ళు నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది. ఆ అంకెలో నీళ్ళూ ఇంకా అరగని తిండే ఎక్కువ. కవర్లు మంచం కిందనుంచి తీసి బయట చెత్తబుట్టలో వెయ్యండి. స్నానం చెయ్యండి. తర్వాత మెస్సుకి పోయి టిఫిన్ తినండి, ఆకలి లేకపోయినా కొంచెమైనా, రోజూ తినే వేళకే. ఈ జాగ్రత్తల్లో ఒక్కటే పాటించగలిగితే దీన్నే పాటించండి. మధ్యాహ్నం అన్నం కూడా మామూలుగానే. సాయంత్రం కాస్త మనసు కుదిరాక నోటుబుక్కులో మూడు ముక్కలు రాసుకోండి: అంతకుముందు ఎప్పుడు తిన్నాను, ఎంత నిద్రపోయాను, ఎవరితో ఏం జరిగింది. రెండుసార్లు రాస్తే మీకే కనపడుతుంది. తిట్లు మాత్రం రాయకండి, అవి దేనికీ పనికిరావు.

రెండు మూడు వారాలు వరసగా ఇలాగే నడుస్తుంటే పండగ వెళ్ళేదాకా ఆగొద్దు. టెలీమానస్ 14416 కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదనే ఆలోచన వస్తే అర్ధరాత్రైనా అదే నంబరు, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, పొద్దున ఓపీ వేళకి పోవచ్చు. ఈ జబ్బుకి బాగా పనిచేసేది సీబీటీ, అంటే ఆలోచనలనీ అలవాట్లనీ మెల్లగా మార్చే కౌన్సెలింగ్. అవసరమైతే డాక్టరు మందు కూడా రాస్తారు. ఆకలి చంపే మాత్రలని స్నేహితులు చెప్పినవి, ఆన్‌లైన్లో అమ్మేవి కొనకండి. షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పండగకి ముందే తమ డాక్టరుతో మాట్లాడాలి.

ఓపీలో గదిలోకి వెళ్ళాక ‘బరువు తగ్గాలి’ అని మొదలుపెట్టకండి. అలా అంటే డైట్ చార్టు చేతిలోపెట్టి పంపే అవకాశముంది, మీకు అంతకంటే చెరుపు లేదు. ‘ఆపుకోలేక తింటున్నాను, నెలకి ఇన్నిసార్లు, ఎక్కువగా ఈ వేళప్పుడు’ అని చెప్పండి. నోరు పెగలకపోతే ఆ నోటుబుక్కు బల్లమీద పెట్టండి.