వంకర మొండెం, కలవని రెక్క

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలిపిన టీయూ-142 విమానం పొడవు దాదాపు 53 మీటర్లు. 1/144 కొలతలో దాని ప్లాస్టిక్ నమూనా కిట్, అంటే అతికించి కట్టుకునే ముక్కల పెట్టె, తెచ్చుకుంటే మొండెం ఒక్కటే 37 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అంత పొడవున్న పలుచని ప్లాస్టిక్ దొప్పలు రెండూ తిన్నగా ఉండాలని ఆశపడటం అత్యాశే. అచ్చులో మందంగా ఉన్న చోట ప్లాస్టిక్ నెమ్మదిగా చల్లారి ఎక్కువ కుంచించుకుపోతుంది, పలుచని చోట ముందే గట్టిపడిపోతుంది. వంపు అక్కడే పుడుతుంది. నా కిట్‌లో ఎడమ దొప్ప తోక దగ్గర బయటికి తిరిగి ఉంది. రెండూ ఆనించి పట్టుకుంటే మధ్యలో అగ్గిపుల్ల దూరేంత సందు.

మా అపార్ట్‌మెంటు కుర్రాడు పక్కన కూర్చుని, "ఇంకొంచెం బిగించండి తాతగారూ, కలిసిపోతుంది" అన్నాడు. బిగిస్తే కలుస్తుంది నాయనా, వదిలితే విడిపోతుంది. బలవంతంగా అదిమి అతికించిన అతుకు ఆరిన రోజు బాగానే ఉంటుంది. రంగు వేసి అలమరలో పెట్టాక ఎప్పుడో సన్నని గీతలా విచ్చుకుంటుంది.

ముందు వంటగట్టు మీది నల్లరాయి శుభ్రంగా తుడిచి, ముక్కను దాని మీద బోర్లా పెట్టండి. ఏ మూల లేస్తోందో చూడండి. చాలాసార్లు ముక్కలో వంపే ఉండదు. దొప్పలను కలిపే పిన్ను తన రంధ్రానికి అర మిల్లీమీటరు పక్కన ఉండి, మొత్తాన్ని పక్కకు నెడుతుంది. అలాంటి పిన్నును మొహమాటం లేకుండా బ్లేడుతో కోసిపారేయండి.

నిజంగా వంపే అయితే వేడినీళ్లు కావాలి. పాలిస్టైరిన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి, మరిగిన నీళ్లను పొయ్యి మీంచి దించి కాసేపు ఆగాకే ముక్కను ముంచాలి. ముందు కిట్ ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రంలోంచి పనికిరాని ముక్కను ముంచి చూడండి, అది ఎంతసేపటికి లొంగుతుందో తెలుస్తుంది. ముక్క లొంగగానే తీసి, కావలసిన దానికన్నా రవ్వంత అటువైపు వంచి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో పెట్టాలి. ఒక్కసారికే రాదు. కొంచెం కొంచెంగా తేవాలి. జుట్టు ఆరబెట్టే యంత్రం జోలికి పోవద్దు, పలుచని అంచులు ముడుచుకుపోతాయి. అన్నట్టు, మే నెలలో కిట్ పెట్టెను ఎండలో ఆపిన కారులో వదిలి సినిమాకు వెళ్లకండి.

వేడినీళ్లు వంపును చాలావరకు తీస్తాయి, మిగిలింది అతుకులో తీర్చుకోవాలి. నేను ఓడలు కట్టే యార్డులో ఫిటర్‌గా పనిచేశాను. అక్కడ రెండు ప్లేట్లు కలపాలంటే ఒక కొస నుంచి ఏకబిగిన వెల్డింగ్ చేసుకుంటూ పోరు, అక్కడక్కడ టాకింగ్, అంటే చుక్కల్లాంటి చిన్న వెల్డింగులు, వేసి, వరస చూసుకుని, తరవాత నింపుతారు. ఇక్కడా అంతే. పలుచని ప్లాస్టిక్ షీటును చిన్న చిన్న పట్టీలుగా కోసి, ఒకటి ఎడమ దొప్ప లోపలి అంచుకు, తరవాతిది కుడి దానికి, సగం బయటికి ఉండేలా అతికించండి. రెండు దొప్పలూ ఒకే మట్టానికి రావడానికి ఇవే ఆధారం. పట్టీలు గట్టిపడ్డాక ముక్కు దగ్గర రెండు మూడు సెంటీమీటర్లు మాత్రం కలిపి, సందు వెంట పలుచని సిమెంటును, అంటే ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే ద్రవాన్ని, కుంచెతో తాకించండి, దానంతటదే లోపలికి పాకుతుంది. మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని పూసలా పైకి ఉబుకుతుంది. దాన్ని తుడవకండి, అతుకు కుదిరిందనడానికి అదే గుర్తు. టేపు చుట్టి, గట్టిపడ్డాకే తరవాతి భాగానికి వెళ్లండి. తోక చివరికి చేరేసరికి సాయంత్రమవుతుంది, కానివ్వండి. ఉప్పుకాగితం పట్టేది మర్నాడే.

మొండెం మూసేముందు ముక్కులో బరువు పెట్టడం మరవకండి, లేకపోతే విమానం తోక మీద కూర్చుంటుంది. వలలకు కట్టే సీసం గుండ్లు చాలు, ఫిషింగ్ హార్బరు వైపు దుకాణాల్లో అడగండి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

రెక్క మొదట్లో సందు కనిపించగానే పుట్టీ డబ్బా తెరిచేవాళ్లంటే నాకు చిరాకు. మొండెం లోపలికి నొక్కుకుపోయినట్టుంటే, మూయకముందే లోపల చట్రం పుల్లను అడ్డకర్రలా పెట్టి వెడల్పు చేస్తే సందు సగం పోతుంది. మిగిలినదాంట్లో ప్లాస్టిక్ పట్టీ దూర్చి సిమెంటు తాకించి, ఆరాక చెక్కండి. పుట్టీ వెంట్రుకవాసి గీతలకే.

అద్దాల దగ్గర ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరికి తెల్లగా మసకబారతాయి. అక్కడ ఫెవికాల్ చాలు. చివరగా బూడిదరంగు ప్రైమర్ పలుచగా వేసి, దీపం కింద ఏటవాలుగా పట్టుకుని అతుకు వెంట చూడండి. ఎక్కడైనా మెట్టు కనిపిస్తే మళ్లీ ఉప్పుకాగితమే.