రొమ్ము తీసే ఆపరేషన్: ముందు చూసుకోవాల్సినవి, ఇంటికొచ్చాక చేయాల్సినవి

మాస్టెక్టమీ అంటే క్యాన్సర్ ఉన్న రొమ్మును పూర్తిగా తీసేసే ఆపరేషన్. చంకలోని లింఫు గడ్డలను (ఒంట్లోని లింఫు నీటిని వడకట్టే చిన్న గ్రంథులు) కూడా కలిపి తీస్తే ఎంఆర్‌ఎం (మాడిఫైడ్ రాడికల్ మాస్టెక్టమీ) అని రాస్తారు. థియేటర్‌లో రెండు మూడు గంటల పని. ఆసుపత్రిలో ఉండేది మామూలుగా మూడు నుంచి ఐదు రోజులు. ఆ తర్వాత భారమంతా ఇంటివాళ్లదే. డాక్టరు బాగానే చేసి పంపినా ఇంట్లో చెడగొట్టుకునేవి రెండున్నాయి: ఒకటి డ్రెయిన్ పైపు, రెండోది ఆ వైపు చెయ్యి. కుట్ల గురించి పడే భయంలో సగం ఈ రెండింటి మీద పెడితే చాలు.

చెయ్యి మీద ఇంత పట్టుదల ఎందుకంటే, రేడియేషన్ అవసరమైతే మిషన్ కింద చెయ్యి తల పైకి ఎత్తి కదలకుండా పడుకోవాలి. చెయ్యి లేవకపోతే రేడియేషన్ మొదలుపెట్టడమే ఆలస్యమవుతుంది.

తేదీ ఖాయమయ్యాక

ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేసేవాళ్లకు చివరి కీమోకూ ఆపరేషన్‌కూ మధ్య మూడు నాలుగు వారాల ఎడం ఉంచుతారు. తెల్లరక్త కణాలు కోలుకోవడానికి ఆ గడువు. ‘ఎలాగూ చేసేదే కదా, తొందరగా చేసేయండి’ అని ఒత్తిడి పెట్టకండి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవాళ్లు రైస్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు పట్టుకుని ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్ర దగ్గరికి అడ్మిషన్ కంటే ముందే వెళ్లాలి. ముందస్తు అనుమతి వచ్చాకే తేదీ గట్టిపడుతుంది. ఆధార్‌లో ఒక పేరు, రిపోర్టులో ఇంకో పేరు ఉంటే అక్కడే చిక్కు పడుతుంది. ఇంటిపేరు, వయసు రెండూ సరిచూసుకోండి. కర్నూలు, నంద్యాల వాళ్లు హైదరాబాదుకో, అనంతపురం వాళ్లు బెంగళూరుకో, కడప వాళ్లు తిరుపతికో వేలూరుకో పోవాలనుకుంటే, ఆ ఆసుపత్రిలో మన కార్డు చెల్లుతుందో లేదో బస్సెక్కక ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్ (క్యాన్సర్ కణాలు హార్మోన్లకు స్పందిస్తాయా అని చెప్పేవి), హెర్2 (కణాల మీది ఒక ప్రొటీన్) ఫలితాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అడగండి. ఏ మందులు వాడాలో తేల్చడంలో ఆ మూడూ ముఖ్యం.

వాడుతున్న మాత్రలన్నీ, ఆయుర్వేదం, పసరు మందులతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లి మత్తు డాక్టరుకు చూపించండి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు మీ అంతట మీరు ఆపకూడదు. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. సుగర్ మాత్రల్లో డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకాలను మూడు నాలుగు రోజుల ముందే ఆపిస్తారు. ఆపకపోతే సుగర్ అంకె పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం చేరే ప్రమాదం ఉంది. ఆపరేషన్ రోజు పొద్దున ఏ బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవాలో, ఏది మానాలో కాగితం మీద రాయించుకోండి.

ఆకు, వక్కలో పొగాకు కలిపి నమిలే అలవాటు, బీడీ అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి. రొమ్ము తీశాక కప్పే చర్మం పలచన, దానికి రక్తం అందేదే అంతంతమాత్రం. పొగాకు ఆ కాస్త రక్తాన్ని కూడా తగ్గిస్తుంది. కుట్ల అంచులు నల్లబడి విడిపోవడానికి అదొక పెద్ద కారణం. కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే మేలు.

ఇంకో పని ఉంది, దాదాపు ఎవరూ చేయరు. దర్జీ టేపుతో రెండు చేతులూ కొలిచి రాసిపెట్టుకోండి: మోచేతికి 10 సెంటీమీటర్ల పైన ఒకటి, 10 సెంటీమీటర్ల కింద ఒకటి. రేపు చెయ్యి వాచిందా, లావెక్కిందా అనే అనుమానం వస్తే ఈ అంకెలే చెబుతాయి. ముందున్న కొలత కంటే గానీ, రెండో చేతి కంటే గానీ రెండు సెంటీమీటర్లు పెరిగితే డాక్టరుకు చూపించాలి.

బట్టల సంగతి సులువే. ముందు జిప్పు ఉన్న వదులు నైటీలు మూడు, ముందు హుక్కులతో చేతులు వదులుగా కుట్టించిన రవికలు రెండు. తల మీదుగా తొడుక్కునేవి నెలపాటు పనికిరావు. అటక మీది డబ్బాలు, పైఅరలోని పప్పుల సీసాలు నడుము ఎత్తుకు దించేయండి.

ముందు రాత్రి, ఆ పొద్దున

సబ్బుతో తలస్నానం చేయాలి. పసుపు, పౌడరు, నూనె రాయకూడదు. చంకలో వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో తీయొద్దు. కంటికి కనపడని గాట్లు పడి అక్కడి నుంచే చీము మొదలవుతుంది. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు. గోరింటాకు పెట్టుకోవద్దు, గోళ్ల రంగు తుడిచేయండి. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చూపించదు.

నగల దగ్గర ఇళ్లలో గొడవలవుతాయి. తాళిబొట్టు, నల్లపూసలు, మెట్టెలు, ముక్కుపుడక, గాజులు అన్నీ తీయాల్సిందే. రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం వాడతారు. ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదముంది. పైగా ఆ వైపు చెయ్యి వాస్తే ఉంగరం, గాజు రావు. తాళి తీయడానికి మనసొప్పని పెద్దామె ఉంటే మంగళసూత్రాలు భర్త చేతికో కూతురి చేతికో ఇచ్చి, మెడలో ఉత్త పసుపుతాడు ఉంచుకోవచ్చా అని థియేటర్ నర్సును ముందురోజే అడగండి. స్ట్రెచర్ మీద ఎక్కాక వాదులాట వద్దు.

అన్నం, పాలు లాంటివి కనీసం ఆరు గంటల ముందు ఆపాలి, నూనె వంటలైతే ఎనిమిది గంటలు. నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టరు మాటే లెక్క. ‘ఒక్క గుక్క కాఫీ’ తాగి చెప్పకుండా ఉంటే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

డ్రెయిన్ పైపు

రొమ్ము తీసిన చోట చర్మం కింద ఖాళీ మిగులుతుంది. అందులో నీరు ఊరుతూనే ఉంటుంది. దాన్ని లాగేయడానికి ఒకటో రెండో పైపులు పెడతారు, చివర ముడతల డబ్బా ఉంటుంది. డబ్బాను నొక్కి మూతపెడితే అది తెరుచుకోవాలని చూస్తూ లోపలి నీటిని లాగుతుంది, చర్మాన్ని ఛాతీకి అతుక్కునేలా చేస్తుంది. డబ్బా ఉబ్బి గాలి నిండితే ఇక లాగదు. డబ్బా ఉబ్బి ఉన్నా ‘ఏమీ రావట్లేదు, మంచిదే’ అనుకుని ఇంటివాళ్లు వదిలేస్తారు. లోపల మాత్రం నీరు నిలుస్తూ ఉంటుంది.

రోజూ ఒకే వేళకు, పొద్దున ఆరూ ఏడూ మధ్య అనుకోండి, ఖాళీ చేయాలి. చేతులు సబ్బుతో కడిగి, ముందు పైపు మీది క్లిప్పు మూయాలి. డబ్బా మూత తీసి, కొలత గీతలున్న కప్పులోకి వంచి, ఎన్ని మిల్లీలీటర్లో చూడాలి. తర్వాత డబ్బాను బల్ల మీద పెట్టి అరచేత్తో పూర్తిగా అణచి, అలా అణచి ఉంచుతూనే మూత పెట్టాలి. క్లిప్పు తెరవడం చివరి పని. అది మరిచిపోతే పడ్డ శ్రమంతా వృథా. రెండు పైపులుంటే విడివిడిగా రాయాలి: తేదీ, ఏ పైపు, ఎంత, ఏ రంగు. మొదట్లో ఎర్రగా, తర్వాత గులాబీ రంగుగా, చివరికి లేత పసుపుగా మారాలి.

పైపులో గడ్డకట్టిన ముక్క అడ్డుపడితే, ఒంటి దగ్గర పైపును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో నొక్కుతూ డబ్బా వైపు జారించాలి. ఒంటి దగ్గర పట్టు లేకుండా లాగితే పైపు ఊడొస్తుంది. ఊడితే తిరిగి దూర్చొద్దు. శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి ఆసుపత్రికి పోవాలి. డబ్బాను వేలాడనివ్వకుండా నైటీకి లోపల సేఫ్టీ పిన్నుతో తగిలించండి, పిన్ను పైపుకు గుచ్చుకోకుండా.

24 గంటల్లో 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ, వరుసగా రెండు రోజులు వస్తే పైపు తీస్తారు. చాలామందికి ఇది వారం నుంచి రెండు వారాల్లో అవుతుంది. తీశాక కూడా నీరు చేరి, నొక్కితే తిత్తిలా కదలొచ్చు. సూదితో తీసేస్తారు, ఒకటి రెండుసార్లు కావచ్చు. భయపడాల్సింది కాదు, కానీ ఇంట్లో కాపడం పెట్టొద్దు. ఆ చోట స్పర్శ ఉండదు, చర్మం కాలినా తెలియదు.

పైపు ఉన్నన్నాళ్లూ తడిగుడ్డతో తుడుచుకోవడమే. ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమలో 42, 43 డిగ్రీలు దాటుతుంది. చెమటకు పట్టీ తడిసి వదులవుతుంది, తడి పట్టీ కింద క్రిములు పెరుగుతాయి. తడిసిన రోజే మార్పించుకోండి. కూలర్ గాలి నేరుగా గాయం మీదికి రాకుండా మంచం జరపండి. నీళ్లు, పలచటి మజ్జిగ రెండున్నర, మూడు లీటర్లు తాగాలి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే.

పత్యం పేరుతో పస్తులు

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడని, పెరుగు నీరు పట్టిస్తుందని మానిపిస్తారు. గాయం మానేదే మాంసకృత్తులతో. 50 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 75 గ్రాములు కావాలి. రెండు గుడ్లలో 12, గుప్పెడు బుడ్డల్లో (వేరుశనగ గింజల్లో) 7, పిడికెడు కందిపప్పులో 11, అరలీటరు పాలు పెరుగుల్లో 15 గ్రాముల దాకా ఉంటాయి. మిగిలింది రాగి సంగటి, జొన్నరొట్టె, అన్నంలో వస్తుంది. మాంసం తినేవాళ్లకు 100 గ్రాముల కోడికూరతో లెక్క ఇంకా సులువు. సుగర్ ఉంటే సంగటి ముద్ద చిన్నది చేసి పప్పు పెంచండి. గాయం మీద పసుపు, ఆకు పసరు, కొబ్బరినూనె ఏదీ వద్దు.

చెయ్యి

ఆపరేషన్ మర్నాటి నుంచే పిడికిలి మూసి తెరవడం, మణికట్టు తిప్పడం, మోచెయ్యి మడిచి చాచడం పదేసిసార్లు, రెండు మూడు గంటలకోసారి. పైపు తీసేదాకా మోచెయ్యి భుజం ఎత్తు దాటకూడదు. అంతకంటే ఎత్తితే లోపల నీరు ఎక్కువ ఊరుతుంది. అలాగని చెయ్యి ఒంటికి కట్టేసుకుని కూర్చుంటే భుజం పట్టేస్తుంది. పడుకున్నప్పుడు చేతి కింద దిండు పెట్టి గుండె కంటే కాస్త ఎత్తులో ఉంచాలి.

పైపు తీశాక గోడ ఎక్కించే వ్యాయామం మొదలు. గోడకు ఎదురుగా అడుగు దూరంలో నిలబడి వేళ్లు పురుగులా పాకిస్తూ పైకి పోవాలి. లాగుతున్నట్టు అనిపించేదాకా పోవచ్చు, గుచ్చే నొప్పి వస్తే ఆపాలి. అందిన చోట సుద్దముక్కతో గీత గీయండి, రేపటి గీత దానికి పైన పడాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. చంక నుంచి మోచేతి దాకా తాడు బిగించినట్టు తగలొచ్చు. అది నరం తెగడం కాదు, ఫిజియోథెరపీతో సాగుతుంది. చంక కింద, చేతి లోపలివైపు మొద్దుబారడం మామూలే.

నాలుగు నుంచి ఆరు వారాలు రెండు కిలోలకు మించి ఎత్తకూడదు. నిండు బిందె 12, 15 కిలోలుంటుంది, సిలిండర్ గురించి చెప్పనక్కర్లేదు. పత్తి తీయడం, బుడ్డలు పీకడం, తుమ్మముళ్ల దగ్గర పని మళ్లీ మొదలుపెట్టినా ఆ చేతికి తొడుగు ఉండాలి. లింఫు దారులు తగ్గిన చేతిలో చిన్న ముల్లు గుచ్చుకున్నా ఎర్రగా పాకి జ్వరం తెప్పిస్తుంది, వాపు శాశ్వతంగా నిలిచిపోవచ్చు. బీపీ పట్టీ, సూది, సెలైన్ వీలైనంతవరకు రెండో చేతికే.

ఆదోని, పత్తికొండ లాంటి ఊళ్లకు బస్సులో తిరిగిపోయేవాళ్లు ఆపరేషన్ అయిన వైపు కిటికీకి వచ్చేలా కూర్చోండి. నడవ వైపు ఉంటే ప్రతి ఒక్కరి సంచీ తగులుతుంది.

వెంటనే పోవాల్సినప్పుడు

101 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం, కుట్ల చుట్టూ ఎరుపు పాకడం, దుర్వాసన, అంచులు నల్లబడటం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి. పైపులోంచి ఎర్రటి రక్తం గంటల్లో డబ్బా నిండితే, లేదా పైపు ఆగిపోయి ఛాతీ ఉబ్బితే రాత్రయినా ఆగొద్దు. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం రక్తం గడ్డకట్టిన గుర్తులు కావచ్చు, 108కు ఫోన్ చేయాలి.

తీసిన రొమ్ము బయాప్సీ రిపోర్టు వారం, పది రోజుల తర్వాత వస్తుంది. కుట్లు తీయించుకుని వెళ్లిపోయి రిపోర్టు మరిచిపోయేవాళ్లున్నారు. అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా, ఎన్ని లింఫు గడ్డలు తీస్తే ఎన్నింటిలో ఉంది అనేవి అందులోనే ఉంటాయి. ఇంకా కీమో, రేడియేషన్ కావాలా అని తేల్చడానికి అవి ముఖ్యం. జిరాక్సులు రెండు తీయించి అసలు కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టండి. రెండో రొమ్ముకు ఏడాదికోసారి మామోగ్రామ్ తేదీ కూడా ఆ కవరు మీదే రాసుకోండి.