మొద్దుబారిన డ్రిల్ బిట్: సాన పట్టాలా, కొత్తది కొనాలా?

బిట్ దిగడం లేదని విసిరేసే ముందు మిషన్ రివర్స్‌లో ఉందేమో చూడండి. నవ్వకండి, ఓసారి అరగంట కుస్తీ పట్టాక గానీ నేను చూసుకోలేదు. మిషన్ సరిగ్గానే తిరుగుతున్నా బిట్ కీచుమంటూ పొగలు కక్కుతుంటే, ఇనుప రేకు నుంచి చుట్టలకు బదులు పొడి రాలుతుంటే, పదును పోయినట్టే.

అన్నిటికీ సాన పట్టక్కర్లేదు. గోడ బిట్ల కొనకు కార్బైడ్ అనే అతి గట్టి పదార్థపు ముక్క ఉంటుంది. బెంచ్ గ్రైండర్‌కు (సాన పట్టే మిషన్‌కు) వచ్చే మామూలు బూడిద రంగు రాయికి అది లొంగదు, ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ రాయి కావాలి. నాలుగు కన్నాల కోసం ఆ తంటా దండగ, కొత్తది కొనేయండి. 3 మి.మీ. లోపు సన్నవీ అంతే, వేళ్లకు పట్టు దొరకదు. వంగినవి ఎలాగూ పనికిరావు. శ్రమకు తగ్గ ఫలితం దక్కేది ఇనుముకు వాడే లావుపాటి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లతోనే. వాటికి గ్రైండర్ మీద సాన పట్టే తీరు ఇదీ:

1. కళ్లద్దాలు పెట్టుకోండి. గ్లౌజులు మాత్రం వద్దు, తిరిగే రాయి చేతిని లాగేసుకుంటుంది.

2. కొన మీద రెండువైపులా మార్కర్ పూయండి. రంగు పోయిన చోటల్లా రాయి తాకినట్టు.

3. కోసే అంచును నేలకు సమాంతరంగా ఉంచి, బిట్‌ను రాయి ముఖానికి 59 డిగ్రీల వాలులో పట్టుకోండి. రెండువైపులా కలిపితే 118, మామూలు బిట్ల కొన కోణం అది. కొలిచే పరికరం లేదా? ఒకే సైజు ఆరు పలకల నట్లు రెండు తీసుకుని పలకకు పలక ఆనించండి. మధ్యలో పడే గాడి 120 డిగ్రీలు. కొన అందులో ఇమిడితే చాలు.

4. అసలు కిటుకు ఇక్కడుంది. అంచు రాయికి తగలగానే బిట్ తోకను (మిషన్‌లో బిగించే వైపును) మెల్లగా కిందికి దించండి. అంచు వెనకభాగం 8 నుంచి 12 డిగ్రీలు పల్లంగా అరగాలి. ఆ పల్లం లేకపోతే వెనకభాగమే ఇనుముకు రాసుకుంటుంది, అంచు ఎంత పదునుగా ఉన్నా కోయదు. మొదట్లో నేను పాడుచేసిన బిట్లన్నీ ఇలాంటివే.

5. సగం చుట్టు తిప్పి రెండో అంచునూ అన్నిసార్లే తాకించండి. వేళ్లకు వేడి తెలియగానే ఆపి చల్లారనివ్వండి. ఒక అంచు పొడవైతే 8 మి.మీ. బిట్ వేసిన కన్నంలో 8 మి.మీ. బోల్టు లొడలొడలాడుతుంది.

చివరగా పాత ఇనుప ముక్క మీద చుక్క నూనె వేసి నెమ్మదిగా తిప్పి చూడండి. బిట్ మీది రెండు గాడుల్లోంచీ సమానంగా చుట్టలు రావాలి. ఒకవైపే వస్తుంటే ఆ అంచే ఎత్తుగా ఉంది, దాన్నే ఇంకోసారి రాయికి తాకించండి.