కారుకీ చోటు మిగిలేలా గ్యారేజీలో క్యాంపింగ్, ఆటల సామాను సర్దుకోవడం

గ్యారేజీ సర్దుదాం అనుకోగానే అందరూ మొదట చేసే పని ర్యాకులు కొనుక్కురావడం. దయచేసి ఆ పని చివరికి పెట్టుకోండి. ముందే కొనేస్తే సామానుకు తగ్గ ర్యాకు కాకుండా ర్యాకుకు తగ్గ సామాను వెతుక్కోవాల్సి వస్తుంది. సగం ఖాళీగా ఉన్న షెల్ఫు, దాని ముందే నేలమీద కుప్పగా పడి ఉన్న టెంటు, స్కేట్లు, బంతులు చాలా గ్యారేజీల్లో కనిపించేది అందుకే.

ముందు కారును లోపలికి తెచ్చి రోజూ ఆపే చోటే ఆపండి. అన్ని తలుపులూ, డిక్కీతో సహా, బార్లా తెరిచి, ఆ తలుపుల అంచులు ఎక్కడిదాకా వస్తున్నాయో నేలమీద సుద్దముక్కతో గీసేయండి. గీతకు లోపల నేలమీద ఏదీ ఉండకూడదు. గీతకు బయట మిగిలింది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, కానీ టెన్షన్ పడక్కర్లేదు, గోడలున్నాయి, పైకప్పు ఉంది. గ్యారేజీ షట్టరు పైకి జరిగి కప్పు కిందకి వచ్చే రకమైతే దాన్ని పూర్తిగా ఎత్తి, పట్టాలూ మోటారూ ఎంతవరకు వచ్చి ఆగుతున్నాయో అది కూడా కొలిచి రాసుకోండి. పైన ర్యాకు బిగించాక షట్టరు సగంలో తగిలి ఆగిపోతే మళ్లీ అన్నీ విప్పాల్సి వస్తుంది.

తర్వాత సామానంతా బయటపెట్టండి. ఇక్కడే మీ ఓపిక సగం ఖర్చు చేయాలి, ఎందుకంటే తడి ఉన్న వస్తువును ఎంత అందంగా సర్దినా లాభం లేదు. టెంటు సంగతే చూడండి. పైకి పొడిగా, గరగరలాడుతూ ఉంటుంది, తీరా చూస్తే కుట్ల దగ్గర, జిప్పు పక్క మడతలో, అడుగు పట్టా నాలుగు మూలల్లో తేమ అలాగే ఉంటుంది. ఆ మూలను రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. అలాగే చుట్టి పెడితే బూజు పడుతుంది, ముక్కిపోయిన వాసన పట్టుకుంటుంది. అంతకంటే పెద్ద నష్టం ఏంటంటే, చాలా టెంట్లకు లోపలివైపు నీరు చొరకుండా పాలీయురేథేన్ పూత ఉంటుంది, ఎక్కువకాలం తేమలో ఉంటే అది విచ్ఛిన్నమై చేతికి జిగటగా అంటుకుని, పొరలు పొరలుగా రాలిపోతుంది. ఆ పూత పోయాక టెంటు వానకు పనికిరాదు. కాబట్టి నీడలో, గాలి ఆడేచోట పూర్తిగా ఆరేయండి. త్వరగా ఆరుతుందని రోజంతా ఎండలో వదిలేయొద్దు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు నైలాన్‌ను పెళుసు చేస్తాయి.

ఆరాక మళ్లీ దాన్ని కొన్నప్పుడు వచ్చిన ఇరుకు సంచిలో కూరకండి. ఆ సంచి ప్రయాణానికి, ఏడాది పొడవునా నిల్వ ఉంచడానికి కాదు. పాత దిండు గలీబులోనో పెద్ద నూలు సంచిలోనో వదులుగా వేయండి. టెంటు కర్రలను ఒక చివరినుంచి కాకుండా మధ్యనుంచి మడవడం అలవాటు చేసుకోండి, లోపలి ఎలాస్టిక్ తాడు మీద లాగుడు రెండువైపులా సమానంగా ఉండి అది ఎక్కువకాలం మన్నుతుంది.

అన్నీ ఆరుతున్నంతసేపు ఇంకో పని చేయొచ్చు, అసలు గ్యారేజీలో ఉండకూడనివి ఏరడం. మొదటిది గ్యాస్ సిలిండరు. ప్రొపేన్ గానీ బ్యూటేన్ గానీ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, నేలమీదే పరుచుకుని కూర్చుంటుంది. అదే గ్యారేజీలో గ్యాస్ గీజరు మంటో, స్విచ్ నిప్పురవ్వో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సిలిండరు ఇంటి బయట, నీడలో, గాలి తగిలేచోట, నిలబెట్టే ఉంచాలి. ఖాళీ అయిపోయింది కదా అని లోపల పెట్టేవాళ్లుంటారు, ఖాళీ సిలిండరులోనూ కొంత గ్యాసు మిగిలే ఉంటుంది. చిన్న స్టవ్ క్యానిస్టర్ల (గ్యాస్ డబ్బాల) మీద 50 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వొద్దని రాసి ఉంటుంది, వేసవిలో మూసి ఉన్న కారు డిక్కీ ఆ వేడిని సులువుగా అందుకుంటుంది, అందుకే ట్రిప్ నుంచి రాగానే వాటిని డిక్కీలోంచి తీసేయండి.

ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ కూడా ఇంట్లోకే. బాగా వేడెక్కే, బాగా చల్లబడే గ్యారేజీ లిథియం బ్యాటరీకి పడదు, కొన్ని నెలలు వాడనప్పుడు దాదాపు సగం చార్జ్‌తో, మామూలు గది వేడిలో ఉంచాలి. స్లీపింగ్ బ్యాగులదీ అదే దారి. వాటి వెచ్చదనమంతా లోపలి సింథటిక్ పీచు, ఈకలు పొంగి ఉండటంలోనే ఉంది, నెలలపాటు నొక్కి ఉంచితే ఆ పొంగు మళ్లీ పూర్తిగా రాదు. బీరువాలో హ్యాంగరుకు వేలాడదీయండి. తనంతట తాను ఉబ్బే పరుపులైతే వాల్వు తెరిచి, చుట్టకుండా, మంచం కింద పరచండి. క్యాంపింగ్ సామానంతా ఒకేచోట ఉండాలన్న పట్టుదల చాలామందికి ఉంటుంది, నాకైతే అందులో అర్థం కనిపించదు.

ఇప్పుడు గోడలు. గోడకు ఏం తగిలించాలో తేల్చుకునే ముందు ఆ గోడ దేనితో కట్టారో తెలుసుకోవాలి. కాంక్రీటు అయితే హ్యామర్ డ్రిల్‌తో రంధ్రం వేసి యాంకర్ బోల్టులు బిగించొచ్చు, గట్టిగా పట్టుకుంటాయి. బోలు ఇటుక అయితే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు బరువు పడగానే జారి వచ్చేస్తుంది, బోలు గోడల కోసమే చేసిన ఫాస్టెనర్లు అడిగి తెచ్చుకోండి. చెక్క ఫ్రేముకు జిప్సం బోర్డు కొట్టిన గోడ అయితే ఆ బోర్డును నమ్ముకోవద్దు, దాని వెనక నిలువుగా ఉండే చెక్కల్లోకే మర దిగాలి. ఆ చెక్కలు సాధారణంగా ఒకదాని మధ్యనుంచి ఇంకోదాని మధ్యకు 40 లేదా 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. ఒక్కో హుక్కుకు ఒక్కో చోట వెతుక్కునే బదులు రెండు మూడు చెక్కల మీదుగా ఒక పొడవాటి పలక అడ్డంగా బిగించేసి, హుక్కులన్నీ దానికే తగిలించండి. రేపు సామాను మారితే హుక్కు జరపడం నిమిషం పని.

పైకప్పుకు బిగించే ర్యాకులకూ ఇదే సూత్రం, మర శ్లాబులోకో దూలంలోకో దిగాలి. కంపెనీవాడు డబ్బా మీద ఎన్ని కిలోలు రాసినా అది ర్యాకు మోసే బరువు, మీ కప్పు మోసేది కాదు. పైన తేలికవి, ఏడాదికి ఒకటి రెండుసార్లు తీసేవి మాత్రమే పెట్టండి. వదులుగా సంచిలో వేసిన టెంటు, మడత కుర్చీలు, లైఫ్ జాకెట్లు లాంటివి. లైఫ్ జాకెట్ల మీద మాత్రం బరువు పెట్టొద్దు, లోపలి ఫోమ్ అణిగిపోతే తేలించే శక్తి తగ్గుతుంది. నీళ్ల క్యాన్లు, డంబెల్స్, స్టవ్వులున్న డబ్బా నిచ్చెన ఎక్కి దించే ఎత్తులో ఉండకూడదు. 20 లీటర్ల క్యాను నిండితే నీళ్లే 20 కిలోలు. బరువైనవన్నీ మోకాలికీ నడుముకీ మధ్య.

కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, ఉంటే దాని కథ వేరు. చివర్లలో ఉండే పట్టుకునే పిడులకు తాళ్లు కట్టి వేలాడదీస్తే కొన్నాళ్లకు నడుమ దిగబడి కుక్కి మంచంలా తయారవుతుంది, ప్లాస్టిక్ కయాక్ అయితే ఎండాకాలంలో ఇంకా త్వరగా. వెడల్పాటి పట్టీలు రెండు తీసుకుని, ఒక్కో చివరినుంచి పొడవులో నాలుగో వంతు లోపలికి వచ్చి అక్కడ వేయండి. అంటే 4 మీటర్ల కయాక్‌కు రెండువైపులా మీటరు చొప్పున. బోర్లాగానో పక్కకు తిప్పో ఉంచితే అడుగుభాగం సొట్టపోదు. చాలా ప్లాస్టిక్ కయాక్‌లు 20 కిలోలు దాటే ఉంటాయి, ఒక్కరే దించాలంటే ఛాతీ ఎత్తుకు మించి పెట్టుకోవద్దు.

సైకిళ్లు ముందు చక్రం పైకి వచ్చేలా నిలువుగా వేలాడదీస్తే తక్కువ చోటు తింటాయి. హుక్కులు ఒకే ఎత్తులో వేస్తే హ్యాండిళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, అందుకని ఒకటి పైకి, ఒకటి 25 సెంటీమీటర్లు కిందికి. అలా వేస్తే మధ్య దూరం 45 సెంటీమీటర్లు ఉన్నా ఇమిడిపోతాయి. చిన్నపిల్లల సైకిళ్లు మాత్రం వేలాడదీయొద్దు, వాళ్లే తీసుకుని వాళ్లే పెట్టుకునేలా నేలమీద స్టాండు చాలు. హైడ్రాలిక్ (గొట్టంలోని ద్రవంతో పనిచేసే) డిస్క్ బ్రేకులున్నదాన్ని నెలల తర్వాత కిందికి దించితే ఎక్కే ముందు రెండు బ్రేకులూ నాలుగైదుసార్లు నొక్కి చూడండి, మెత్తగా లోపలికి పోతుంటే గొట్టంలో గాలి ఉన్నట్టే, బాగు చేయించాకే ఎక్కండి.

చిన్నాచితకా సామానుకు మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు. అట్టపెట్టెలు మాత్రం వద్దేవద్దు, తేమ పీలుస్తాయి, బొద్దింకలకు, చెదలకు ఇల్లవుతాయి. డబ్బా మరీ పెద్దది తీసుకోకండి, నిండాక ఒక్కరే ఎత్తలేకపోతే అది ఎప్పటికీ కదలదు. వస్తువు రకాన్ని బట్టి కాదు, పనిని బట్టి నింపండి. స్టవ్వు, లైటరు, గిన్నెలు, గరిటె, కత్తి, గిన్నెలు తోముకునే పీచు అన్నీ ఒకే డబ్బాలో ఉంటే దాన్ని ఎత్తి కారులో పెట్టేయడమే. తలకు కట్టుకునే హెడ్‌ల్యాంపుల్లో బ్యాటరీలు తీసేసి పెట్టండి, కారితే లోపలి స్ప్రింగులు తుప్పుపడతాయి. పేరు మూత మీద రాస్తే పైన ఇంకో డబ్బా పెట్టగానే కనిపించదు, మీవైపు ఉండే పక్కన రాయండి. కింది డబ్బా కూడా నేలకు ఆనకుండా ఒక అడ్డచెక్క మీద ఉంచండి, కాంక్రీటు నేల చెమ్మ లాగుతుంది.

ఐస్ వేసి తిండి చల్లగా ఉంచుకునే కూలరు డబ్బాను పూర్తిగా తుడిచి, మూత కాస్త తెరిచి, నీళ్లు పోయే బిరడా తీసి పెట్టాలి. హెల్మెట్లు పెట్రోలు, పెయింటు, థిన్నరు ఉన్న షెల్ఫుకు దూరంగా, ఆ ఆవిర్లకు లోపలి ఫోమ్ దెబ్బతింటుంది. బంతులకు వల సంచి, బ్యాట్లకు, రాకెట్లకు పొడిగా ఉండే గోడ.

ఎక్కడ ఏది పెట్టాలో తెలియకపోతే నేను చూసేది ఒక్కటే, వారంవారం వాడే వస్తువును తీయడానికి ఇంకో వస్తువును జరపాల్సి వస్తే అది తప్పు చోట ఉన్నట్టు. సీజను అయిపోయినవాటికి ఈ పట్టింపు లేదు, అవి వెనక్కి పోవచ్చు, సీజను మారినప్పుడు ముందూ వెనకా తిప్పేస్తే సరి.

చివరగా, ఒక గోడనుంచి ఎదుటి గోడకు, కారు పైకప్పుకంటే ఎత్తులో ఒక గట్టి తాడు కట్టి, దాన్ని ఖాళీగా ఉంచండి. రాత్రిపూట తడి టెంటుతో ఇంటికి చేరినప్పుడు కారును ఆ రాత్రికి బయటే ఆపి దానిమీద పరిచేయొచ్చు, మర్నాడు ఆరిందో లేదో మూలలు నొక్కి చూసి సంచిలో వేసుకోవచ్చు.